దస్తూరి

నాగాయలంక నుంచి బందరు మీదుగా గుడివాడ రావాలంటే అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, పెడన, గుడ్లవల్లేరు అన్నీ దాటాలి. దారిలో అర్జీలు రాసేవాళ్లకు కరువేం లేదు. ఒక్క బందరులోనే ఆఫీసుల ముందు చెట్ల కింద ఎంతమంది కూర్చుని ఉంటారో. ఏ కాయితం ఏ బల్ల మీద ఆగుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అంతమందినీ దాటుకుని అతను మా ఇంటికే ఎందుకొచ్చాడన్న ప్రశ్న నాకు మొదటి రోజే రావలసింది. రాలేదు. నాకోసం జనం రావడం నాకెప్పుడూ వింతగా అనిపించదు.

నా దస్తూరి అలాంటిది. ఇది నేను చెప్పుకునే మాట కాదు, నాతో పనిచేసిన హెడ్మాస్టర్లంతా అన్నదే. ఇన్‌స్పెక్షన్ రిపోర్టయినా, సన్మాన పత్రమైనా, బదిలీ అర్జీ అయినా నాచేతే రాయించేవారు. ముప్పై మూడేళ్ల సర్వీసు, అందులో ఎక్కువ భాగం దివిసీమలోనే. నేను రాసిన కాయితం ఏదీ తిరిగి రాలేదు. రిటైరై గుడివాడలో ఇల్లు కట్టుకున్నాక కూడా పింఛను అర్జీలకీ పాసు పుస్తకాల తప్పులకీ ఎవరో ఒకరు గేటు తీస్తూనే ఉంటారు.

సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చాడతను. చెప్పులు గేటు బయటే విప్పాడు. బట్టల కొట్టు కవరులోంచి కాయితాలు తీసి రెండు చేతులతో అందించాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏ ఊరు?"

"నాగాయలంక అవతలండి. ఏటిమొగ దగ్గర."

"వయసెంత ఉంటుంది?"

"ఉప్పెనొచ్చిన రెండేళ్లకు పుట్టానండి."

దివిసీమలో వయసు లెక్క ఇప్పటికీ అంతే. 1977 నవంబరు 19కి ముందా, తర్వాతా అని. సర్టిఫికెట్లో ఏ తేదీ ఉన్నా నోటికి ముందు వచ్చేది అదే.

రొయ్యల బండి మీద క్లీనరుగా ఎక్కాడట. తర్వాత ఐసు లారీ, వడ్ల లారీ, ఆ పైన ఓ కంట్రాక్టరుగారి కారు. పాతికేళ్లుగా స్టీరింగు వదల్లేదు. పదేళ్ల నుంచీ ఆ చుట్టుపక్కల ఎవరు కారు కొన్నా, వాళ్ల కారులోనే పక్కన కూర్చుని నేర్పేది ఇతనే.

ఆ మాట అన్నాక అతనికి బిడియం పోయింది. నేర్పే సంగతి చెప్పమంటే అరగంట చెప్పాడు, నేనూ విన్నాను. అక్కడ కారు నేర్చుకోవడమంటే మాటలు కాదు మరి. ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క రొయ్యల చెరువు, మధ్యలో ఒక్క బండి పట్టే రోడ్డు. ఎదురుగా వరికోత మిషను వచ్చిందంటే అది వెనక్కి పోదు, మనమే పోవాలి. అందుకని మొదటి రోజు ముందుకి నడపడం చెప్పడట. రివర్సు చెబుతాడట. ఆఖరి పాఠం ఏటిమొగ రేవులో. ఎదురుమొండి దీవికి వెళ్లే పంటు మీదికి కారెక్కించాలి. కింద పంటు ఊగుతుంటుంది. టైరు పడగానే పలక కిర్రుమంటుంది. హాఫ్ క్లచ్చి మీద కారు నిలబెట్టి, అంగుళం అంగుళం పాకించాలి. ఆ కాసేపూ ఇతను హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యేసి ఒకటే మాట అంటుంటాడట: "నీళ్లు చూడకండి. పలక చూడండి. కన్నెటు పోతే కారటే."

"ఇప్పుడు ఆడపిల్లలు కూడా నేర్పమంటున్నారండి. బోర్డు కట్టి, డ్యూయల్ కంట్రోలు కారు పెట్టి, లైసెన్సు తీసుకుని పద్ధతిగా చేద్దామని దరఖాస్తు పెట్టాను. 10,000 ఫీజు కట్టాను. ఇదిగోండి, ఇది ఇచ్చారు."

తిరస్కరణ కాయితం. ఒక్కటే వాక్యం. రెగ్యులర్‌గా పదో తరగతి చదివినట్టు లేదు కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. కింద సంతకం, ముద్ర. ముద్ర తలకిందులుగా పడింది.

"పదో తరగతి లేదా నీకు?"

"ఉందండి. ఓపెన్ స్కూల్లో కట్టి పాసయ్యాను. మా అమ్మాయి బళ్లో, నేను ఓపెన్లో, ఒకే ఏడు రాశాం. లెక్కల్లో దానికి నాకంటే నాలుగు మార్కులు తక్కువొచ్చాయి."

"చదువుకునే రోజుల్లో ఏం చేశావు మరి? లెక్కల్లో పోయిందా?"

"లెక్కల పరీక్ష రోజే పోయిందండి."

ఫెయిలయ్యాడని అర్థం చేసుకున్నాను. వయసులో ఉన్నప్పుడు పుస్తకం పట్టుకోకపోతే ముసలితనంలో ఇలాగే కాయితాలు పట్టుకు తిరగాలని రెండు ముక్కలు వడ్డించాను కూడా. మాస్టారి నోరు, ఊరుకోదు. అతను తలొంచుకుని విన్నాడు.

పక్కవీధి వకీలుగారి దగ్గర కేంద్ర మోటారు వాహనాల నిబంధనల పుస్తకం తెచ్చి ఆ రాత్రి చదివాను. 1989 నాటివి. డ్రైవింగ్ స్కూలు సంగతి 24వ నిబంధనలో ఉంది. నేర్పేవాడు పదో తరగతి పాసై ఉండాలి, అయిదేళ్లు బండి నడిపి ఉండాలి, మోటారు మెకానిజం సర్టిఫికెట్ ఉండాలి, ఇంగ్లీషో ప్రాంతీయ భాషో తగినంత వచ్చి ఉండాలి. ఇవన్నీ ఇతనికి ఉన్నాయి. ఈ నిబంధనలు వచ్చేనాటికే అయిదేళ్లుగా నేర్పుతున్నవాళ్లకు ఈ అర్హతల పట్టింపు లేదని కూడా రాశారు. ఇతనికి అప్పటికి పదేళ్లు, ఆ దారి లేదు. అక్కర్లేదు కూడా. పదో తరగతి పాసవ్వాలని ఉందే గాని ఏ బడిలో అని ఎక్కడా లేదు. ఆ "రెగ్యులర్" అన్నది ఆ గుమాస్తా సొంత కవిత్వం.

అసలు పట్టు ఇంకో చోట దొరికింది. దరఖాస్తు పెట్టుకున్నవాడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా లైసెన్సు నిరాకరించకూడదు. అదీ ఆ నిబంధనలోనే ఉంది.

మర్నాడు అతను మళ్లీ వచ్చాక అడిగాను. "నిన్ను పిలిచి మాట్లాడారా?"

"లేదండి."

"ఏమైనా అడిగారా?"

"కిటికీలోంచి కాయితం ఇచ్చి అందినట్టు సంతకం పెట్టమన్నారండి. పెట్టాను."

నాకు ఒళ్లు మండిపోయింది. మనిషిని పిలవరు, మాట వినరు, సంతకం మాత్రం కావాలి! 29వ నిబంధన కింద ఆ ఉత్తర్వు చేతికందిన 30 రోజుల్లో రాష్ట్ర రవాణాశాఖ అధిపతికి అప్పీలు చేసుకోవచ్చు. రెండు ప్రతులు, 500 రూపాయల రుసుము. అప్పటికే ఇరవై రెండు రోజులు గడిచాయి. "నువ్వు నిశ్చింతగా ఉండు, నేను రాస్తాను" అన్నాను.

ఈ అప్పీళ్ల గొడవ నాకు కొత్త కాదని చెప్పాలి. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఇంకో అప్పీలు నడుస్తోంది. మా చిన్నాడు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం పోయాక, వాడూ ఇదే పనిలో దిగాడు, డ్రైవింగ్ నేర్పడం. అక్కడ దానికి మూడంచెల పరీక్ష. మూడోది పరీక్షాధికారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పాఠం చెప్పడం, దానికి మూడే అవకాశాలు. ఆ మూడోది పాసవకముందే డబ్బు పుచ్చుకుని నేర్పుకోవడానికి ఆరు నెలలకు ఒక శిక్షణ లైసెన్సు ఇస్తారు. గులాబీ రంగు బిళ్ల, కారు ముందద్దానికి పెట్టుకోవాలి. మావాడు రెండుసార్లు తప్పాడు, ఆరు నెలలూ అయిపోవచ్చాయి. ఇంకో ఆరు నెలలు అడిగితే రిజిస్ట్రార్ ఇవ్వనన్నాడు. ఆ బిళ్ల ఇచ్చేది అనుభవం కోసమే గాని, పాసయ్యేదాకా బతుకుతెరువు కోసం కాదన్నది వాళ్ల వాదన. పద్నాలుగు రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఇందులో తమాషా ఏమిటంటే, గడువు ముగియకముందే రెండోదానికి దరఖాస్తు పెట్టి ఉంటే, అప్పీలు తేలేదాకా పాత బిళ్లే చెల్లుతుంది. విచారణ రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు. అక్కడి రోడ్డు ట్రాఫిక్ చట్టమూ 1988దే, మన మోటారు వాహనాల చట్టమూ 1988దే. కవలల్లో ఒకరికి మెత్తటి మనసు వచ్చినట్టుంది.

మావాడు తన వాదన కాయితం మీద రాసి ఫొటో తీసి పంపితే, పక్కింటి కుర్రాడిచేత ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకున్నాను, దిద్దిపెడదామని. ఎన్ని పాఠాలు చెప్పాడు, పరీక్ష తేదీ ఎన్నిసార్లు వాయిదా పడింది, అన్నీ పట్టిక వేసి రాశాడు.

ఏటిమొగ అతను కాయితాల మీద సంతకాలు పెట్టడానికి మూడోసారి వచ్చినప్పుడు ఆ రెండు అప్పీళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. నేనతనిది చదివి వినిపించాను. టైపు చేయిద్దామంటే ముందే వద్దన్నాడు. "మీ చేత్తోనే ఉండాలండి" అన్నాడు. సరే, నాకూ అదే ఇష్టం. నాలుగు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేదు. మూడో పేజీలో కాస్త ఆవేశపడ్డ మాట నిజమే: "ఎదుటి మనిషి మాట వినకుండా అతని బతుకును తేల్చివేయు అధికారము ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదని సవినయముగా మనవి చేయుచున్నాను."

"ఆ ముక్క ఇంకోసారి చదవండి మాస్టారూ."

చదివాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. చెప్పొద్దూ, నాక్కూడా గొంతు కొద్దిగా వణికింది.

సంతకం పెడుతూ పక్కన ప్రింటు వైపు చూశాడు. "ఇదీ మీరే రాశారాండీ?"

"కాదు, మా చిన్నాడు. చూశావా, ఇంగ్లీషైనా అచ్చం నా చెయ్యే. వేళ్ల మీద బెత్తంతో కొట్టి మరీ నేర్పించాను."

"ఏడుకి నడుం మీద గీత పెడతారాండీ?"

"అది నా పద్ధతి. ఒకటికీ ఏడుకీ పొరపాటు రాకూడదని. వాడొక్కడికే అబ్బింది, స్కూల్లో ఒక్క వెధవకీ అబ్బలేదు."

టీ తెచ్చిన మా ఆవిడ అందుకుంది. "వాడు కూడా మీ వైపేలే బాబూ. ఈయన ట్రాన్స్‌ఫర్ల మీద తిరుగుతుంటే పదో తరగతి నాగాయలంకలో మా అమ్మ దగ్గరే ఉండి చదివాడు."

"అలాగాండీ" అన్నాడతను. టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆ ప్రింటే చూశాడు. మావాడి పట్టికంతా అంకెలే కదా, ఇంగ్లండు లెక్కలు తెలుసుకుంటున్నాడనుకున్నాను. లేచేటప్పుడు అడిగాడు: "అయితే అప్పీలు తేలేదాకా బాబుగారికి పని ఆగదన్నమాట."

"ఆగదు."

"మంచిదేనండి" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి సంగతులు పెద్దగా చెప్పడానికి లేవు. విజయవాడలో విచారణకు పిలిచారు, పది నిమిషాల్లో అయిపోయిందట. ఉత్తర్వు కొట్టేసి, అతని మాట విని మళ్లీ తేల్చమని పంపారు. ఈసారి ఆ ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నారని ఫోన్లో చెప్పి నవ్వాడు. మావాడి అప్పీలు మాత్రం ట్రిబ్యునల్ కొట్టేసింది. అయితేనేం, అది తేలేలోపు అడిగిన ఆరు నెలలూ ఎలాగూ గడిచాయి, మూడో ప్రయత్నంలో పాసైపోయాడు. గులాబీ బిళ్ల పోయి ఆకుపచ్చ బిళ్ల వచ్చింది. ఆ ఫొటో మా ఆవిడ వీధంతా చూపించింది.

వినాయక చవితి ముందు ఒక సాయంత్రం మా గేటు ముందు తెల్ల కారు ఆగింది. ముందూ వెనకా తెల్లబోర్డు మీద ఎర్ర ఎల్. పక్క సీటు కింద రెండో బ్రేకు, రెండో క్లచ్చి నాకు వంగి మరీ చూపించాడు. కిలో తొక్కుడు లడ్డూ బందరులో తీసుకున్నదట, ఇంకా నెయ్యి వాసన వేస్తోంది. కొత్త రిజిస్టరు కూడా తెచ్చాడు. కారు నేర్చుకునేవాళ్లకు 21 రోజులకు తక్కువ కాకుండా, పది గంటలకు తగ్గకుండా బండి నడిపించాలి. ఎవరెప్పుడు ఎంతసేపు నడిపారో అందులో రాసుకోవాలి. మొదటి పేరు వాళ్లమ్మాయిదే.

ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు. నేనొక లడ్డూ విరిచి నోట్లో వేసుకుని, చాలా రోజుల్నుంచి అడగాలనుకున్నది అడిగాను. పొగడ్త వినాలని అడిగాను, దాచుకోవడమెందుకు.

"బందరులో అంతమంది రాసేవాళ్లుండగా ఇంత దూరం నన్ను వెతుక్కుంటూ ఎందుకొచ్చావయ్యా? ఎవరు చెప్పారు నీకు నా సంగతి?"

"ఎవరూ చెప్పలేదండి. మీ దస్తూరి నేనెరుగుదును."

"ఎక్కడ చూశావు?"

"మా పదో తరగతి లెక్కల పరీక్షలోనండి. నాగాయలంక సెంటరు. మీది పక్క గది డ్యూటీ. మధ్యలో ఒకసారి మా గదిలోకి తొంగి చూడ్డానికొచ్చారు. నా కాళ్ల దగ్గర చీటీ కనపడింది. తీసి నా ముఖం ముందు పెట్టి, ఇదేమిట్రా అన్నారు. నాది కాదండీ అనబోయాను. మీరప్పటికే రాయడం మొదలెట్టేశారు."

కసిగా చెప్పడం లేదు. కారు నేర్పేవాడు గేరు మార్చడం చెప్పినట్టు ఒక్కొక్కటే చెబుతున్నాడు.

"పేజీ నిండా రాశారండి. ఒక్క కొట్టివేత లేదు. నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఆ ఏడు పరీక్షలన్నీ పోయాయి. మా నాన్న ఆ కాయితం పట్టుకుని బందరు దాకా తిరిగాడు. మాస్టారు ఇంత గట్టిగా రాశాక ఎవరూ ఏమీ చెయ్యలేరన్నారట. ఆ వేసవిలోనే రొయ్యల బండెక్కాను. మొన్న ఈ ఆఫీసువాళ్ల కాయితం చేతికి రాగానే నాకు మీరే గుర్తొచ్చారండి. ఆ చెయ్యి ఒక్కసారి నా వైపు నుంచి రాస్తే దీనికీ తిరుగుండదనుకున్నాను."

సర్వీసులో అలాంటి కాయితాలు ఎన్ని రాశానో. ఆ కుర్రాడి ముఖం నాకు గుర్తు రాలేదు. ఆ రోజు నా గది వదిలి పక్క గదిలోకి ఎందుకు తొంగి చూశానో మాత్రం గుర్తొచ్చింది.

లోపల మా ఆవిడ లెస్టర్‌కు వీడియో కాల్ మాట్లాడుతోంది. నవ్వులు వినపడుతున్నాయి.

"మరి ఆ చీటీ..." అన్నాను. లడ్డూ గొంతు దిగలేదు.

అతను లేచాడు. రిజిస్టరు చంకలో పెట్టుకున్నాడు.

"నాది కాదని నాకప్పుడే తెలుసండి. ఎవరిదో మాత్రం, మీ బల్ల మీద నడుం గీత ఉన్న ఏడు చూసేదాకా తెలీలేదు."